జోడీని పేరు పెట్టి పిలవాలి

మా ఆయన అడవి నడుమ కట్టిన ప్రాజెక్టు మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, వానాకాలంలో కట్ట పొడవునా తిరిగి ఎక్కడైనా నీళ్ళు ఊరుతున్నాయా అని చూడటం ఆయన ఉద్యోగం. కట్ట కిందే మాకు క్వార్టరు ఇచ్చారు. చుట్టూ టేకు చెట్లు, ఇప్ప చెట్లు. చింతపండు అయిపోయినా కొత్తగూడెం బస్సు కోసం కాచుకోవలసిందే. నేను బడి ముఖం చూసినదాన్ని కాను. మా నాయన వాకిట్లో ఇసుక పోసి వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆడపిల్ల రామాయణం కూడబలుక్కుని చదువుకుంటే చాలనుకున్నాడాయన. అది వచ్చాక ఆపేశాడు. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఎక్కడున్నా ఆయనకు నా దండం చేరాలి.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం ఆ నీళ్ళ మీద ఆడపిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పే క్యాంపు పెట్టారు. బావుల్లో, కాలువల్లో ఈత నేర్చిన పిల్లలను జిల్లాలోని హాస్టళ్ళ నుంచి ఏరి తెచ్చారు. పడవలు లారీ మీద గడ్డి పరిచి తెచ్చారు. చిన్న పడవలు, ఒక్కోదానికి ఇద్దరు పిల్లలు. నేర్పే సారు నౌకాదళంలో చాలాకాలం చేసి వచ్చిన మనిషి, సముద్రపు ఒడ్డు ఊరాయన. పిల్లలు సిమెంటు బస్తాల గోదాములో పడుకునేవారు. వాళ్ళకు తోడుగా నమ్మకమైన ఆడమనిషి కావాలని ఇంజనీరు గారు అడిగితే మా ఆయన నన్ను పంపాడు. మాకు పిల్లలు లేరు. ఒక్కసారిగా అంతమంది ఆడపిల్లలు “అక్కా, అక్కా” అంటూ చుట్టూ చేరితే, అడగకుండానే దేవుడు ఒడి నింపాడనిపించింది.

సారు కఠినుడు. చీకటి విడవకముందే ఈల. పక్కలు చుట్టి గోడకు ఆనించాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు. ఆర్డరు లేనిదే మోకాలు లోతు నీళ్ళలోకి కూడా దిగకూడదు. లైఫ్ జాకెట్ పట్టీలు తడిసినా, ఒరుసుకున్నా ఒడ్డెక్కిందాకా విప్పకూడదు. పడవ బోల్తా పడితే ఈదుకుంటూ ఒడ్డుకు రాకూడదు, పడవను పట్టుకునే ఉండాలి. వీటన్నిటికంటే పెద్ద నియమం జోడీది. ఒక పడవలో ఎక్కే ఇద్దరూ క్యాంపు అయ్యేదాకా జోడీ. ఒకరు తప్పు చేస్తే ఇద్దరికీ శిక్ష. సాయంత్రం కట్ట మీద వరస కట్టించి హాజరు తీసుకునేవాడు. ప్రతి పిల్లా తన జోడీని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అవతలి పిల్ల “ఉన్నా” అనాలి. నీళ్ళలో పడ్డా అంతే. తల బయటకు రాగానే మొదటి పని జోడీ పేరు పిలవడం.

ఎందుకో మొదటి సాయంత్రమే చెప్పాడు.

“నాతో పనిచేసినవాడొకడు సముద్రంలో పడిపోయాడు. అందరం పడవెక్కామనుకున్నాం. అందరం కేకలు వేస్తూనే ఉన్నాం, కాపాడండి, కాపాడండి అని. వాడి పేరు మాత్రం ఎవరూ పిలవలేదు. ఒడ్డుకొచ్చాక చూస్తే వాడు లేడు. అందుకని నా దగ్గర ‘కాపాడండి’ లేదు. పేరే.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నీళ్ళ వైపు చూడలేదు. ఈయన ఊరికే బెదిరించే మనిషి కాదని నాకు అప్పుడే అర్థమైంది.

పిల్లలు వరసగా పేర్లు పిలిచారు. కట్టకు అవతల అడవి నుంచి ఆ పేర్లు మళ్ళీ వినబడుతుంటే నవ్వుకున్నారు. కల్లూరు వైపు నుంచి వచ్చిన పిల్ల వంతు వచ్చింది. తొమ్మిదో తరగతి పాసైన పిల్ల. చామనఛాయ, ఒత్తయిన జడ, పెద్దవాళ్ళు పిలిస్తే కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడి పలికే పద్ధతి. ఈతలో అందరికంటే మిన్న. ఆ పిల్ల నోరు తెరవలేదు.

“పిలువమ్మా,” అన్నాడు సారు.

తల దించుకుంది.

“సార్, నోట్లె మామిడి టెంక వెట్టుకున్నదేమో,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ఆమె జోడీ కొత్తగూడెం బొగ్గుగనుల క్వార్టర్ల పిల్ల. మాటకు మాట అంటించే రకం. “నేను ఇక్కడనే ఉన్న సార్. దీని పక్కనే ఉన్న. కనబడ్తలేనా?” అంది.

“కనబడటం ఒడ్డు మీద. నీళ్ళలో వినబడాలి. పిలువు.”

పిలవలేదు. ఇద్దరూ తెడ్లు నెత్తి మీదికి ఎత్తి, మిగతావాళ్ళ భోజనాలు అయ్యేదాకా కట్ట మీద నిలబడ్డారు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి సాయంత్రమూ అంతే. తెడ్లు ఎత్తడం పోయి పడవల అడుగులు ఇసుకతో తోమడం వచ్చింది. పొద్దంతా ఎండలో పడవ నడిపి వచ్చిన పిల్లలకు అది చిన్న శిక్ష కాదు. గనుల పిల్ల అరచేతులు పొక్కులెక్కాయి.

“నా పేరు నీకు అంత చేదాయే?” అని ఆ పిల్ల తోముతూ తోముతూ అరిచేది. “మా అవ్వ వెట్టిన పేరే అది! పిలిస్తే నీ నాలుక పుండైతదా? ఊ అను, ఆ అను, ఏదన్న అనరాదే మొద్దూ!”

కల్లూరు పిల్ల తన వంతు తోమి, గనుల పిల్ల వంతు కూడా లాక్కుని తోమేది.

ఒకనాడు పొద్దుగూకేముందు పిల్లలంతా కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను బోరింగు కొడుతున్నాను. నీళ్ళ కింద ఆ పిల్ల పాదాలు చూశాను. ఎండకు నల్లబడ్డ కాళ్ళు. బొటనవేలి పక్క వేలికి మాత్రం చుట్టూ తెల్లటి గాడి, రెండు కాళ్ళకూ. మెట్టెలు తీసిన గుర్తు అది. ఏళ్ళ తరబడి ఉంటే తప్ప అంత లోతు పడదు. బోరింగు కొట్టడం ఆపేశాను. ఆ పిల్ల నా కళ్ళు ఎక్కడున్నాయో చూసి పాదాలు లంగా కిందికి లాక్కుంది.

మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి అడిగాను, “ఎప్పుడైందే?”

“చిన్నప్పుడే అక్కా. మా నాయనమ్మ మంచాన వడ్డది. కన్ను మూసేలోపు చూడాలె అన్నది. మేనత్త కొడుకే.”

“మరి జోడీ పేరు?”

నా వైపు చూడకుండా చెప్పింది. “అది మా అత్త పేరే అక్కా. అచ్చం అదే పేరు. నేనెట్ల పిలుస్త?”

నన్ను అడిగింది కాబట్టి సరిపోయింది. మా అమ్మ మామగారిది కొండమీది దేవుడి పేరు. ఆ దేవుడికి దండం పెట్టుకోవాల్సి వస్తే “కొండమీది సామీ” అనేది తప్ప పేరు ఎత్తి ఎరగదు. నేను మా ఆయన పేరు ఈనాటి వరకూ పలకలేదు. రేషను కార్డుకు పేరు రాసుకోవడానికి మనిషి వస్తే పక్కింటావిడను పిలిచి చెప్పించాను. ఇది ఎవరో బెదిరిస్తే వచ్చిన అలవాటు కాదు. పొయ్యిని కాలితో తన్నలేం. ఇదీ అంతే.

“సారుకు చెబుదాం. మంచోడే, అర్థం చేసుకుంటడు,” అన్నాను.

ఆ పిల్ల నా చేయి పట్టుకుంది. “వద్దక్కా. నీ కాళ్ళు మొక్కుత. పెండ్లైన పిల్లను హాస్టల్ల ఉంచరు. పేరు కొట్టేస్తరు. మా అత్త పదో తరగతి దాకనే ఆగుతనన్నది. అది కూడా మా నాయన బతిమాలితే. ఎండకాలం నేను ఇంటి కాడ కనబడితే ఆమె మనసు మారుతదని మా నాయనే గీ క్యాంపుకు తోలిండు. క్యాంపు అయ్యేసరికి బడి తెరుస్తరు. నేను ఇటు నుంచి ఇటే హాస్టల్‌కు పోవాలె. గంతవరకు ఎవరికీ తెల్వొద్దు.”

అంటే ఆ పిల్లకు కావలసింది ఒకటే, బడి తెరిచేదాకా ఆ క్యాంపులో ఉండటం. ఉండాలంటే ఆ పేరు పిలవాలి. ఎందుకు పిలవదో చెప్పినా చదువు పోతుంది. చెప్పకపోతే క్యాంపు పోతుంది. నేను మాట ఇచ్చాను.

గనుల పిల్లకు మాత్రం తనే చెప్పుకుంది. పడవలో, నీళ్ళ నడుమ, ఎవరూ లేనిచోట. అది విని ఆ పిల్ల పడవ ఊగిపోయేలా నవ్విందట. ఆ రాత్రి అన్నాల దగ్గర కంచం పట్టుకుని నా పక్కకు వచ్చి కూర్చుని చెవిలో అంది, “అక్కా, ఇది నాకు కోడలంట! ఇన్ని దినాలు కోడలుతోని పడవలు తోమిచ్చిన్నా నేను? ఏందే కోడలా, అత్తకు కాళ్ళు ఒత్తుదువు రా.”

“మెల్లగనే,” అంది కల్లూరు పిల్ల. కానీ నవ్వింది. క్యాంపుకు వచ్చాక ఆ పిల్ల పళ్ళు కనబడటం అదే మొదలు.

ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించుకున్నారు. మర్నాడు హాజరులో కల్లూరు పిల్ల గట్టిగా, కట్ట చివరిదాకా వినబడేలా, “అత్తా!” అని పిలిచింది. గనుల పిల్ల, “ఉన్ననే కోడలా!” అంది. వరస వరసంతా కూలబడి నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సారు నవ్వలేదు. ఈల నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

“నీళ్ళలో ‘అత్తా’ అంటే ఎవరు పలుకుతారమ్మా? మీకు ఇది వేళాకోళంగా ఉందా? ఇంకొక్కసారి పేరు పిలవకపోతే ఇంటికి పంపేస్తాను. నిన్నే. జోడీని కాదు.”

మరుసటి పొద్దున నేను పడవల దగ్గరికి వెళ్ళాను. ఆయన తాళ్ళు చుడుతున్నాడు. ఇచ్చిన మాట తప్పకుండా ఎంత చెప్పగలనో అంతే చెప్పాను.

“సారూ, పేర్లకు బదులు నంబర్లు పెట్టరాదా?”

“నంబరుకి మనిషి వెనక్కి తిరిగి చూడడమ్మా. నిద్రలో ఉన్నా పేరుకి చూస్తాడు.”

“పోనీ, ఆ పిల్లల జోడీ మార్చండి సారూ.”

“ఎందుకు?”

ఎందుకో చెప్పలేను. “కొన్ని పేర్లు కొందరి నోట రావు సారూ. నేను మా ఆయన పేరు ఇప్పటిదాకా అనలేదు.”

ఆయన చెయ్యి ఆపి నన్ను చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. “మీ ఇంట్లో మునిగిపోయేంత నీళ్ళు లేవు కదమ్మా,” అన్నాడు. మళ్ళీ తాళ్ళు చుట్టుకున్నాడు.

ఆ సాయంత్రం హాజరు జరగలేదు. అంతకుముందే గాలి వచ్చింది.

ఆ అడవిలో ఎండాకాలం గాలిదుమారం ఎట్లా వస్తుందో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. మధ్యాహ్నం ఆకు కదలదు. పక్షి అరవదు. తర్వాత పడమటి గుట్టల మీద ఎర్రటి దుమ్ము లేస్తుంది. అది లేచిందని చూసేలోపే నీళ్ళ మీదికి వచ్చి పడుతుంది. నేను కట్ట మీద పిల్లల దుప్పట్లు ఎండేసి ఉన్నాను. సారు ఈల మీద ఈల ఊదుతున్నాడు, పడవలు తిప్పండని. చాలా పడవలు తిరిగాయి. కట్టకు దగ్గర్లో ఒకటి బోల్తా పడింది. దూరంగా, మునిగిన మోడు చెట్ల వైపు, ఇంకొకటి. ఆ దూరందే వీళ్ళిద్దరి పడవ. తెరచాప నీళ్ళ మీద పరుచుకుంది. దాని పక్కన ఒక్క తలే పైకి లేచింది.

సారు ఇంజను పడవలో బయల్దేరాడు. కొంత దూరం పోయి ఇంజను ఆపేశాడు. అలల నడుమ ఎవరి తల ఎక్కడుందో కనబడదు, పేర్లు వినడానికి ఆపాడు. ఎక్కడ ఏ పిల్ల లేదో ఆయనకు తెలిసేది అట్లాగే. దగ్గరి పడవ నుంచి పేరు వినబడింది. గొంతు చించుకుని ఒకతె తన జోడీని పిలుస్తోంది. దూరపు పడవ నుంచి ఏమీ లేదు. అవతలి పిల్ల “ఉన్నా” అన్నాక పిలవడం ఆపేస్తారు, కాబట్టి పేరు వినబడకపోతే ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు. ఆయన దగ్గరి పడవ వైపు తిప్పాడు.

నేను కట్ట మీద పరుగెత్తుతూ, “అటు సారూ! అటు!” అని అరిచాను. గాలి నా మాటను నా ముఖం మీదికే కొట్టింది. రామా అనుకోవడం కూడా మరిచిపోయాను.

ఆ ఒక్క తల ఏం చేస్తోందో నాకు కనబడుతోంది. లైఫ్ జాకెట్ పట్టీలు పీకేస్తోంది. అది ఉంటే మునగలేదు. జాకెట్ విడిగా తేలుతూ పోయింది. తల మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది. ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచినప్పుడు తెరచాప తాళ్ళు చుట్టుకున్న ఇంకో పిల్లను జడ పట్టుకుని లాగుతోంది.

సారు అక్కడికి చేరేసరికి కల్లూరు పిల్ల ఒక చేత్తో పడవ అడుగును, ఇంకో చేత్తో ఆ జడను పట్టుకుని ఉంది. గనుల పిల్లలో కదలిక లేదు. కట్ట మీద బోర్లా వేసి వీపు ఒత్తితే నీళ్ళు కక్కింది, కళ్ళు తెరవలేదు. ఇంజనీరు గారి జీపులో వేసుకుని కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయారు.

ఆ పిల్ల బతికింది. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి, జ్వరం వచ్చి, చాలా రోజులు మంచం మీద ఉంది. కానీ బతికింది. ఆ రోజు నుంచి నేను దీపం పెట్టిన ప్రతిసారీ ముందు ఆ ప్రాణానికి దండం పెట్టుకున్నాకే మిగతావి అడుగుతున్నాను.

కల్లూరు పిల్ల గోదాములో గోడకు ఆనుకుని కూర్చుంది. తడి బట్టలు మార్చుకోమంటే మార్చుకోలేదు. నేను తల తుడుస్తుంటే అంది, “నోరు తెరిచిన అక్కా. పిలుద్దామనే తెరిచిన. పాపమైతే అయింది అనుకున్న. నోట్లెకు నీళ్ళే వచ్చినయి, పేరు రాలే. పిలిచేకంటే మునుగుడే అల్కగున్నది.”

సారు దవాఖానా నుంచి తిరిగి వచ్చి ఆ పిల్లను బయటికి పిలిచాడు. నేనూ వెళ్ళాను. ఆయన చొక్కా ఇంకా తడిగానే ఉంది.

“పేరు పిలిచావా?”

“లేదు సార్.”

పిలిచానని చెప్పి ఉంటే అయిపోయేది. గాలిలో ఎవరికి వినబడింది? నమ్మేవాడు కూడా. ఆ పిల్లకు అబద్ధం తట్టలేదు.

“జాకెట్ విప్పావా?”

“విప్పిన సార్.”

“నువ్వు లేకపోతే ఆ పిల్ల దక్కేది కాదు. అది నేను కాదనను. కానీ నువ్వు పిలిచి ఉంటే నేను ముందు మీ దగ్గరికే వచ్చేవాణ్ణి. ఆ పిల్లకి ఈ గతి పట్టేదే కాదు. ఎందుకు పిలవలేదు? ఇప్పుడైనా చెప్పు.”

ఆ పిల్ల నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు. నేను నేల చూశాను. ఆయన ఇంకోసారి అడిగాడు. ఈసారి అరవలేదు, బతిమాలినట్టు అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“నిన్ను చూసి రేపు ఇంకో పిల్ల పిలవదు. రేపటి గాలిలో ఇంకో పిల్ల ఉంటుంది. నిన్ను ఉంచుకోలేనమ్మా,” అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. ఆ పిల్లనూ తప్పు పట్టలేకపోయాను. ఇద్దరు మంచివాళ్ళ నడుమ నిలబడటం ఎంత బరువో ఆ రోజు తెలిసింది.

దిగబెట్టి రమ్మని నన్నే పంపాడు. బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు మా మొహాలు చూసి, ఎవరైనా పోయారా అని అడిగి, తాగడానికి తన సీసాలో నీళ్ళు ఇచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి. ఊరు దగ్గరపడుతుండగా ఒక్క మాట అడిగింది, “అత్త ఇంటి కాడ లేకుంటే మంచిగుండు కదక్కా?”

అత్త ఉంది. వాళ్ళ ఇల్లు పక్క వీధే. పిల్ల వచ్చిందని తెలిసి చేతి పిండి కడుక్కోకుండానే వచ్చింది. నేను గయ్యాళిని ఊహించుకుని వెళ్ళాను. ఆమె కోడలి గడ్డం పట్టుకుని, “అయ్యో, గింత గనం చిక్కిపాయెనేందే నా తల్లి! తిండి వెట్టలేదా వాళ్ళు?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముందు నాకు చెంబుతో నీళ్ళు, ఆ తర్వాత మజ్జిగ ఇచ్చింది. పిల్ల తండ్రి మంచం వాల్చి, తను కూర్చోకుండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

“క్యాంపు కాలేదు కదా. ఎందుకు తోలేసిన్రు?” అని అడిగాడు. భయం గొంతులోనే ఉంది.

నేను నోరు విప్పేలోపు ఆ పిల్లే చెప్పింది. నీళ్ళలో పడ్డారని, జోడీ మునిగిందని, పేరు పిలవమంటే తను పిలవలేదని, అందుకని పంపేశారని. ఉన్నది ఉన్నట్టు.

“పిలిస్తే ఏమాయెనే?” అన్నాడు తండ్రి.

పిల్ల అత్త వైపు చూడలేదు. “ఆ పిల్లదీ... అత్త పేరే నాయనా.”

అత్త మంచం పట్టె మీద మెల్లగా కూర్చుంది. పిండి ఆరిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“నీళ్ళల్ల మునుగుతున్నా?” అంది.

“అవ్.”

“పాణం పోతున్నా నా పేరు అనలేదా నువ్వు?”

అత్త లేచి వెళ్ళి పిల్లను కావలించుకుంది. జుట్టులో, బుగ్గల మీద పిండి అంటింది. ఏడుస్తూనే అన్న వైపు తిరిగింది. “అన్నా, గిసుంటి పిల్లను ఇంకా హాస్టళ్ళల్ల ఎందుకు వెడ్తమే? ఎవలింట్ల ఉన్నది గిసుంటి కోడలు? ఇంక నా ఇంట్లెనే ఉంచుకుంట. మంచి దినం చూడు.”

“పదో తరగతి దాకా అంటివి కదనే,” అన్నాడు అన్న. నేలను చూస్తూ అన్నాడు.

“అంటి. గప్పుడు ఇది గింత మంచిదని తెల్వకపాయె.”

ఆయన ఇంకేదో అనబోయాడు. చెల్లెలు అంత ప్రేమగా అడుగుతుంటే కాదనడానికి మాట దొరకలేదు. తిట్టి అడిగి ఉంటే దొరికేదేమో. పిల్ల అత్త భుజం మీద నుంచి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఈదుకుంటూ వచ్చి వచ్చి, ఒడ్డు ఇంకా చాలా దూరం ఉందని తెలిసినవాళ్ళ చూపు అది.

అత్త నాకు వేడన్నం, పప్పు, మామిడికాయ ముక్క వేసి, పక్కన కూర్చుని విసురుతూ పెట్టింది. నేను తిన్నాను. ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టిన చేతిని తప్పు పట్టడం నాకు చేతకాదు. పోయేటప్పుడు బొట్టు పెట్టింది. “ఆ పిల్ల, నా పేరు పిల్ల, బతికిందా అమ్మా?” అని అడిగింది.

“దవాఖానాల ఉన్నది. బతుకుతది.”

“నూరేండ్లు బతకాలె,” అంది, మనస్ఫూర్తిగానే.

పిల్ల గడప దాకా వచ్చింది. ఎవరికీ వినబడకుండా అంది, “దానికి చెప్పక్కా. పిలవకపోయినా ఎతికిన అని.”

తిరుగు ప్రయాణంలో కొత్తగూడెంలో దిగి దవాఖానాకు వెళ్ళాను. గనుల పిల్లకు తెలివి వచ్చింది. వాళ్ళ అవ్వ మంచం కింద చాప వేసుకుని ఉంది. పిల్ల గొంతు గరగరలాడుతోంది, మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట. చెబితే వినే పిల్లా!

నేను ఆ మాట చెప్పాను, పిలవకపోయినా వెతికిందని.

“నాకెరుకే,” అంది. “జడ ఇంకా నొస్తుంది.” దగ్గు వచ్చింది. తగ్గాక అడిగింది, “సారు దానికి శిక్ష ఏసిండా? మళ్ళెప్పుడొస్తదంట నా కోడలు?”

వాళ్ళ అవ్వ బత్తాయి నా చేతికిచ్చింది. నేను తొక్క వలిచి, గింజలు తీసి, ఒక్కో తొన నోట్లో పెడుతూ ఉన్నాను. అది తింటూ నా ముఖంలోకి చూస్తూనే ఉంది.